డిగ్రీ తరగతికి సోషల్ మీడియా: నోరు విప్పని విద్యార్థి కోసం గ్రూపు నడపడం ఎలా?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఇప్పుడు వాట్సాప్ గ్రూపు లేని డిగ్రీ సెక్షను కనిపించదు. తెరిచి చూస్తే పరీక్ష ఫీజు గడువు, శుభోదయం బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన ఉద్యోగ ప్రకటన, మళ్లీ పరీక్ష ఫీజు గడువు. సెమిస్టరు సగానికి వచ్చేసరికి చాలామంది దాన్ని మ్యూట్ చేసి ఊరుకుంటారు. పాఠం ఊసు ఎక్కడా ఉండదు.

ఈ వ్యాసం డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల్లో పాఠం చెప్పే అధ్యాపకుల కోసం. ఉన్నత విద్యలోకి సోషల్ మీడియాను తేవడానికి నాకు కనిపించే బలమైన కారణం ఒక్కటే. తరగతిలో లేచి నిలబడి అడగలేనివారు అక్కడ అడుగుతారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. పన్నెండేళ్లు తెలుగులో చదివి వచ్చిన అమ్మాయికి సందేహం ఉంటుంది. ఇంగ్లిషులో అడగడం రాదు, తెలుగులో అడిగితే వెనక బెంచీవాళ్లు నవ్వుతారేమోనని భయం. నోట్సు పంచడానికి జిరాక్స్ షాపు చాలు. ఈ భయం పోగొట్టడానికే గ్రూపు కావాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ పని కోసమే.

1. ముందు కాగితం మీద అడగండి

గ్రూపు తెరవకముందు తరగతిలో చిన్న చీటీలు పంచండి. పేరు రాయక్కర్లేదని చెప్పి మూడు విషయాలు అడగండి: ఫోను సొంతమా, ఇంట్లో నలుగురూ వాడేదా? సాయంత్రం ఏ వేళకు చేతికి వస్తుంది? మీ నంబరు తరగతి అందరికీ కనిపించడం మీకు ఇష్టమేనా?

చేతులెత్తమంటే ఈ నిజాలు బయటికి రావు. తెనాలి నుంచో ఉయ్యూరు నుంచో రోజూ బస్సులో వచ్చిపోయే విద్యార్థి ఇల్లు చేరేసరికే ఏడు దాటుతుంది. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ముందు తమ్ముడి చేతికి, తర్వాత నాన్న చేతికి వెళుతుంది. మీరు సాయంత్రం ఆరింటికి ప్రశ్న పెట్టి ఆరున్నరకు జవాబు చెప్పేస్తే ఈ విద్యార్థికి దక్కేది ఏమీ ఉండదు. చీటీలు చదివాకే వేళ నిర్ణయించండి.

తర్వాత విభాగాధిపతికి ఒక పేజీ రాసి అనుమతి తీసుకోండి. గ్రూపు పేరు, ఉద్దేశం, ఎప్పటివరకు నడుస్తుంది, అడ్మిన్లు ఎవరు, ఇంతే. రేపు ఏదైనా గొడవ వస్తే ఈ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

2. ప్రకటనలు ఒకచోట, సందేహాలు ఇంకోచోట

రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి. ప్రకటనలకు వాట్సాప్ సరిపోతుంది, ఎందుకంటే అది అందరి ఫోనుల్లోనూ ఉంది. అడ్మిన్లు మాత్రమే సందేశం పెట్టగలిగేలా సెట్టింగు మార్చండి. అభినందనలకు, నమస్కారాలకు అక్కడ చోటు లేకపోతే పిల్లలు దాన్ని మ్యూట్ చెయ్యరు.

సందేహాలకు నేను టెలిగ్రామ్‌నే సిఫారసు చేస్తాను. మొదటి కారణం, సెట్టింగుల్లో ఫోను నంబరు ఎవరికీ కనిపించకుండా దాచుకోవచ్చు. రెండోది, సెట్టింగు అలా పెడితే ఆలస్యంగా చేరినవారూ పాత సంభాషణంతా చదువుకునే వీలుంది. డిగ్రీ ప్రవేశాలు విడతలవారీగా జరుగుతాయి కాబట్టి మొదటి యూనిట్ అయ్యాక వచ్చి కూర్చునేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. మూడో కారణం, అక్కడి క్విజ్‌లో ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో బయటపడకుండా పెట్టవచ్చు. గ్రూపును తప్పనిసరిగా ప్రైవేటుగానే ఉంచండి. కొత్తవారిని చేర్చే అధికారం సభ్యులకు ఇవ్వకండి. ఊరూపేరూ తెలియని ఖాతాలు జొరబడేది ఆ సందులోంచే.

అడ్మిన్లుగా మీతోపాటు ఇంకో అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు, తరగతి ప్రతినిధుల్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటే మంచిది.

3. ఫోను నంబరు, మార్కులు, ఫీజు బకాయి

ఇక్కడ కాస్త ఆగండి. నేర్చుకోవడానికి గ్రూపులో చేరిన అమ్మాయికి రాత్రి పదకొండింటికి తెలియని నంబరు నుంచి సందేశం వస్తే, ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలేస్తుంది. ఇంట్లో తెలిస్తే ఫోను లాక్కుంటారు, ఒక్కోసారి చదువే ఆపేస్తారు. వాట్సాప్ మామూలు గ్రూపులో సభ్యులందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. కమ్యూనిటీలోని ప్రకటనల గ్రూపులో అయితే సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనిపించవు, అడ్మిన్లకే కనిపిస్తాయి. అందుకే ప్రకటనలకు కూడా కమ్యూనిటీ ఏర్పాటే మేలు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవడం ఎలాగో మొదటి రోజే తరగతిలో పది నిమిషాలు కేటాయించి, అందరి చేతా చేయించండి. ఫోటో పెట్టమని అడగకండి. పేరు చోట రోల్ నంబరు చివరి అంకెలు పెట్టుకున్నా చాలు, ఎవరు ఎవరో తెలిపే జాబితా మీ దగ్గర ఉంటుంది కదా.

చేరడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. వారికి ఏ నష్టమూ జరగకూడదు. ప్రతి ప్రకటన నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి, వారంలో వచ్చిన మంచి ప్రశ్నలను తరగతిలో ఒకసారి చెప్పాలి. మొదటి సంవత్సరంలో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ప్రవేశ పత్రంతోపాటే తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం మేలు.

మార్కుల జాబితా గ్రూపులో పెట్టవద్దు. హాజరు తక్కువైనవారి పేర్లు పెట్టవద్దు. ఫీజు బకాయి ఉన్నవారి పేర్లు ఎన్నడూ పెట్టవద్దు. రీయింబర్స్‌మెంట్ రావడం ఆలస్యమైతే అది ఆ విద్యార్థి తప్పు కాదు. తోటివారందరి ముందు ఆ పేరు చూసిన రోజున కలిగే అవమానాన్ని ఆ పిల్లవాడు డిగ్రీ పూర్తయినా మరిచిపోడు. ఇలాంటివి చెప్పాలంటే విడిగా పిలిచి చెప్పండి.

4. నియమాలు తెలుగులో, ఫోను తెర మీద పట్టేటంత

నియమాల పట్టిక పెద్దదైతే ఎవరూ చదవరు. గ్రూపు పైభాగాన పిన్ చేయడానికి ఇలా రాయవచ్చు:

“ఇది ఫైనాన్షియల్ అకౌంటింగ్ సందేహాల గ్రూపు. తెలుగులో, ఇంగ్లిషులో, ఇంగ్లిషు అక్షరాలతో రాసే తెలుగులో, గొంతు రికార్డు చేసి, ఎలాగైనా అడగవచ్చు. తెలియనిది అడిగినందుకు ఎవరినీ వెక్కిరించకూడదు. వెక్కిరించిన సందేశం తీసేస్తాం. రాత్రి 8 నుంచి 9 వరకు అధ్యాపకులు ఉంటారు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నకు మర్నాడు జవాబు వస్తుంది. పాఠం కానిది ఇక్కడ పెట్టవద్దు.”

వెక్కిరింపు గురించిన వాక్యాన్ని మొదటిసారి ఎవరైనా మీరినప్పుడు మీరు ఏం చేస్తారన్నదాన్ని తరగతంతా గమనిస్తుంది. ఆ సందేశాన్ని వెంటనే తీసేయండి. పెట్టినవారితో మర్నాడు విడిగా మాట్లాడండి. గ్రూపులో చీవాట్లు పెట్టకండి, చూసి బెదిరేది అతనొక్కడే కాదు.

5. మొదటి ప్రశ్న రావాలంటే

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, మీ ఓపికలో ఎక్కువ భాగం ఇక్కడే ఖర్చు పెట్టండి. “సందేహాలేమైనా ఉన్నాయా?” అని అడిగితే ఎవరూ పలకరు. తరగతిలో పలకనివారు గ్రూపులో మాత్రం ఎందుకు పలుకుతారు? సందేహం పుట్టే చోటు మీకు తెలుసు, ఏటా ఆ పాఠమే చెబుతున్నారు. కాబట్టి ఆ చోటునే ప్రశ్నగా మార్చి ముందుకు తోయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. సహాయక చిట్టాలు, అంటే ఒక్కో రకం లావాదేవీకి ఒక్కోటిగా రాసే పుస్తకాలు, చెబుతున్నప్పుడు బి.కాం. మొదటి సంవత్సరం వాళ్లు తడబడే చోటు ఒకటుంది. అరువు మీద కొన్న సరుకును కొనుగోలు చిట్టాలో రాస్తాం. అరువు మీద కొన్న బీరువాను రాయం. ఎందుకు? పుస్తకంలో ఒక్క వాక్యంలో జవాబు ఉంటుంది, దాన్ని బట్టీ పట్టి రాసేస్తారు. గ్రూపులో ఇలా పెట్టండి:

“విజయవాడ వస్త్రలత మార్కెట్లో టోకున చీరలు అమ్మే కొట్టాయన ఈ నెల రెండు అరువు కొనుగోళ్లు చేశాడు. ఒకటి చీరల బేలు. రెండోది కొట్లోకి బీరువా. కొనుగోలు చిట్టాలో ఏవి రాయాలి? (అ) రెండూ (ఆ) చీరలు మాత్రమే (ఇ) బీరువా మాత్రమే.”

ఎవరు ఏది ఎంచుకున్నారో కనిపించని పోల్ ఇది. సగం మంది ‘రెండూ’ అంటారు. అప్పుడు జవాబు చెప్పడానికి తొందరపడకండి. ఒక రోజంతా ఆగండి. సరైన జవాబు ఎంచుకున్నవారిలో ఒకరు “బీరువా ఆస్తి కదా సార్” అని రాస్తారు. మెచ్చుకుని, మరో ప్రశ్న వేయండి: “మరి ఆ బీరువాను అమ్మిన కొట్టు యజమాని, తయారీదారు దగ్గర అవే బీరువాలు అరువుకు కొన్నప్పుడు ఎక్కడ రాస్తాడు?” ఇక్కడ గ్రూపు ఒక్కసారిగా కదులుతుంది. అవే బీరువాలు బీరువాల కొట్టాయనకు సరుకు, చీరల కొట్టాయనకు ఆస్తి. వస్తువును బట్టి కాక వ్యాపారాన్ని బట్టి చిట్టా మారుతుందన్న సంగతి పిల్లల నోటి నుంచే వస్తుంది. చీరల కొట్టు బీరువా, సహాయక చిట్టాల్లో పట్టని లావాదేవీలు రాసే అసలు చిట్టాలోకి వెళుతుందని చివర్లో మీరు ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

మౌనంగా ఉండేవారి కోసం ఇంకో దారి తెరవండి. మీకు విడిగా ప్రశ్న పంపవచ్చని, పేరు చెప్పకుండా మీరే గ్రూపులో పెడతారని మాటివ్వండి. అలా వచ్చిన ప్రశ్నను “ఒకరు మంచి ప్రశ్న అడిగారు” అంటూ పెట్టండి. కొద్ది వారాల్లో ఆ విద్యార్థే తన పేరుతో అడుగుతాడు. గొంతు రికార్డు చేసి పంపే ప్రశ్నలను ప్రత్యేకంగా ప్రోత్సహించండి. అక్షరదోషాల భయం ఉన్నవారు మాట్లాడటానికి జంకరు. మీరు కూడా అప్పుడప్పుడు గొంతుతోనే జవాబు చెప్పండి, మాటలో ఉండే ఆప్యాయత టైపు చేసిన వాక్యంలో ఉండదు.

తప్పు జవాబు వచ్చిందనుకోండి. “తప్పు” అని రాసి వదిలేస్తే ఆ విద్యార్థి మళ్లీ రాయడు. “ఇంతవరకు సరిగానే వచ్చావు, ఈ మెట్టు దగ్గర ఒకసారి చూడు” అని, అతను పంపిన నోటుపుస్తకం ఫోటో మీదే వేలితో ఎర్ర గీత గీసి పంపండి.

వారానికోసారి, మీకు వీలైన రోజున, కిందటి వారం పాఠం మీద అయిదు ప్రశ్నల క్విజ్ పెట్టండి. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవడం కన్నా జ్ఞాపకం నుంచి పైకి తెచ్చుకునే ప్రయత్నం చేసినప్పుడు ఎక్కువ రోజులు గుర్తుంటుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకే ఆ వారం పాఠం మీద కన్నా కిందటి వారం పాఠం మీద అడగడం మంచిది. మార్కులు కలపకండి. మార్కులు కలిపిన మరుక్షణం జవాబులు ఒకరి నుంచి ఒకరికి పరుగెత్తుతాయి.

6. ఊరిని పాఠంలోకి తెండి

ఈ గ్రూపులు నిజంగా వెలిగేది ఇక్కడే. కన్‌సైన్‌మెంటు ఖాతాలు, అంటే కమీషను మీద అమ్మిపెట్టమని ఏజెంటుకు పంపిన సరుకు లెక్కలు, చెబుతున్నారనుకోండి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతు ఇంటి నుంచి మీ తరగతిలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. యార్డులో అమ్మకం లెక్క రాసి ఇచ్చే చీటీని, అదే తక్‌పట్టీని, ఇంటినుంచి ఫోటో తీసి పెట్టమనండి. అందులో బస్తాలు, తూకం, ధర, కమీషను, హమాలీ, చివరికి చేతికొచ్చిన మొత్తం అన్నీ ఉంటాయి. పుస్తకంలో వందసార్లు చదివిన అమ్మకపు పట్టీ అదే. తరగతిని నలుగురైదుగురి జట్లుగా విడదీసి, ఆ చీటీ నుంచి ఖాతా తయారు చేసి గ్రూపులో పెట్టమనండి. జట్ల లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోనప్పుడు మొదలయ్యే వాదన నుంచి వాళ్లు చాలా నేర్చుకుంటారు.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఫోటో పెట్టేముందు రైతు పేరు, ఫోను నంబరు, ఖాతా వివరాలు చెరిపేయాలి. ఇంట్లోవారిని అడిగే పెట్టాలి. ఎవరి సమాచారాన్నైనా వాడేముందు అనుమతి అడగాలన్న పాఠం కూడా పిల్లలకు ఇక్కడే అబ్బుతుంది.

వాణిజ్యశాస్త్రానికే ఈ అవకాశం ఉందనుకోవద్దు. వృక్షశాస్త్రం చెప్పేవారు కొండపల్లి అడవి మొక్కల ఫోటోలు అడగవచ్చు. చరిత్ర చెప్పేవారు ఉండవల్లి గుహల్లోని ఒక శిల్పాన్ని దగ్గరి నుంచి తీసి వివరించమనవచ్చు.

7. వీడియోలు, పుస్తకాలు

లింకు ఒక్కటే పెట్టి చూడమంటే చూడరు. “12వ నిమిషం నుంచి 17వ నిమిషం వరకు చూడండి, చూశాక ఈ ప్రశ్నకు జవాబు రాయండి” అనాలి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో పరీక్ష రాసి సంపాదించిన క్రెడిట్లను, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టరులోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు లెక్కలోకి తీసుకునే వీలుంది. ఈ సంగతి తెలియని విద్యార్థులు చాలామంది ఉన్నారు, తప్పకుండా చెప్పండి.

మీరే వీడియో తీస్తే ఒక్క లెక్క, ఏడెనిమిది నిమిషాలు, అంతకు మించవద్దు. ముఖం కనిపించనక్కర్లేదు, కాగితం మీద కదిలే మీ చెయ్యి కనిపిస్తే చాలు. యూట్యూబ్‌లో లింకు ఉన్నవారికే కనిపించేలా పెట్టవచ్చు.

పాఠ్యపుస్తకాలు మొత్తం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు గ్రూపులో తిరగనివ్వకండి. కోచింగ్ సామగ్రిని అనుమతి లేకుండా పంచిన ఛానళ్లు నడిపినవారి వివరాలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2022లో టెలిగ్రామ్‌ను ఆదేశించింది. పాఠానికి అవసరమైన రెండు మూడు పేజీలు వేరు, పుస్తకమంతా వేరు.

8. పుకార్లను ఆపడం

“రేపటి పరీక్ష వాయిదా” అన్న నకిలీ సర్క్యులరు ఒక్కటి చాలు, ఊరి నుంచి రావలసిన విద్యార్థి బస్సెక్కడు. పరీక్షలు, సెలవుల సమాచారం ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు పెడితేనే నమ్మాలని మొదటి రోజే చెప్పండి. మీరు కూడా విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో, అది నాగార్జున కావచ్చు, కృష్ణా కావచ్చు, చూసి లింకుతో సహా పెట్టండి. ఫోటోగా వచ్చిన ఏ ఉత్తర్వునూ నేరుగా ముందుకు పంపవద్దు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు ఇళ్లతోపాటు పిల్లల పుస్తకాలూ నీళ్లపాలయ్యాయి. అలాంటి రోజుల్లో గ్రూపు పాఠాలు ఆపేయండి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి అన్నదే అడగండి. నీరు తీశాక తోటివారి నోట్సు ఫోటోలు వరుసగా పెట్టించి, పుస్తకాలు పోయినవారికి పాఠం తిరిగి అందించండి.

9. వేధింపు ఎదురైతే

ముందు స్క్రీన్‌షాట్ తీయించండి, ఆ తర్వాతే సందేశం తొలగించండి. వేధించిన వ్యక్తిని గ్రూపు నుంచి తీసేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పండి. జూనియర్లను అనధికార వాట్సాప్ గ్రూపుల్లోకి లాగి వేధించడాన్నీ ర్యాగింగ్‌గానే పరిగణించాలని యూజీసీ 2025లో తెలిపింది. జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. డబ్బు పోగొట్టుకున్నా, ఫోటోలతో బెదిరించినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి. ఈ రెండు నంబర్లూ గ్రూపు వివరణలో శాశ్వతంగా ఉండాలి.

సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్‌గా జైలుకు వెళ్లాలేమోనని చాలామంది అధ్యాపకులు వెనకాడతారు. సభ్యుడి తప్పుకు అడ్మిన్‌ను నేరబాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. తెలిసీ ప్రోత్సహించినప్పటి సంగతి వేరు. చెడ్డ సందేశం కనబడగానే తొలగించండి, నిశ్చింతగా ఉండండి.

10. మీ హద్దులు, విద్యార్థుల హద్దులు

వీలైతే దీనికి వేరే నంబరు వాడండి. విద్యార్థుల ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఖాతాల్లోకి వెళ్లి చూడకండి, స్నేహ అభ్యర్థనలు పంపకండి, వచ్చినా కోర్సు పూర్తయ్యేవరకు అంగీకరించకండి. 2019లో విద్యార్థుల సొంత ఖాతాలను సంస్థ ఖాతాలతో, మంత్రిత్వ శాఖ ఖాతాలతో జోడించమని కేంద్ర మానవ వనరుల శాఖ ఉన్నత విద్యాసంస్థలకు లేఖ రాసినప్పుడు పెద్ద విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. కళాశాల పేజీని మెచ్చుకోమని, మీ ఛానలును అనుసరించమని ఒత్తిడి చేయడం కూడా అలాంటిదే. చేతిలో ఇంటర్నల్ మార్కులున్న మనిషి అడిగితే ఏ విద్యార్థి కాదనగలడు?

రాత్రి తొమ్మిది దాటాక జవాబివ్వకండి. ఒకసారి ఇచ్చారంటే మరుసటి రోజు నుంచి దాన్నే ఆశిస్తారు.

11. నెలకోసారి లెక్క, చివర్లో మూత

నెలాఖరున రోల్ నంబర్ల జాబితా పక్కన పెట్టుకుని, ఇంతవరకు ఒక్క మాటా రాయనివారి పేర్ల దగ్గర చుక్క పెట్టండి. వాళ్లను గ్రూపులో పిలవకండి. తరగతి అయ్యాక కారిడార్‌లో “మొన్న బీరువా ప్రశ్నకు నువ్వు ఏమనుకున్నావు?” అని అడగండి. ఫోను లేకపోవడం కావచ్చు, డేటా అయిపోవడం కావచ్చు, ఎవరో వెక్కిరించడం కావచ్చు. కారణం తెలిస్తేనే దారి మార్చగలరు. నెలలు గడిచినా రాసేది ఆ పదిమందే అయితే వేళ మార్చి చూడండి, గొంతు సందేశాలు పెంచి చూడండి, అప్పటికీ ఫలితం లేకపోతే గ్రూపు ఆపేసి ఆ సమయాన్ని విడిగా కలవడానికి కేటాయించండి.

సెమిస్టరు పరీక్షలు కాగానే గ్రూపును మూసేయండి. మూసేముందు వచ్చిన ప్రశ్నల్లో మంచివి ఏరి, పేర్లు తీసేసి, యూనిట్లవారీగా ఒక పీడీఎఫ్ చేయండి. ఆ పని తరగతి ప్రతినిధులకు అప్పగించవచ్చు. కొత్త బ్యాచ్ గ్రూపు తెరిచిన రోజున మొదటి సందేశంగా దాన్నే పెట్టండి. తమకన్నా ముందు చదివినవాళ్లకూ ఇవే సందేహాలు వచ్చాయని చూశాక, అడగడానికి అంతగా జంకరు.